కుదురు లేని మాట
(కడపలో సి.పి. బ్రౌన్ స్మృతిలో చేసిన ఉపన్యాసం పాఠం)



బ్రౌన్ పేరిట జరిగే సభలో వేమనతో మొదలుపెట్టడం ఆనవాయితీ. నేను ఆ దారి పట్టడం లేదు. 1829లో ఆయన అచ్చు వేయించిన వేమన పద్యాల సంగతీ, తాళపత్రాల కోసం చేసిన అప్పుల సంగతీ ఈ ఊరివాళ్లకు కొత్తగా చెప్పేదేముంది? ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ బంగళా మొండిగోడలు మిగిలిన చోట గ్రంథాలయం లేవాలని జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి తిరిగిన రోజుల్నుంచీ మీరు విన్న కథే అది. ఈ పూట నాకు నిఘంటుకారుడు బ్రౌన్‌తోనే పని. అదీ ఒక్క ఇంగ్లీషు మాట మేరకు. ఆ మాటను తెలుగు చేయబోతే ఎన్ని చోట్ల కాలు జారుతుందో చూద్దామనుకున్నాను. అది మీకందరికీ తెలిసిన మాటే: సెటిల్మెంటు.

ఇదే ఎందుకంటే, బ్రౌన్ 1820లో కలెక్టరుకు సహాయకుడిగా కడపకు వచ్చేనాటికి ఈ జిల్లా కచేరీ కాగితాల్లో దీనికంటే ఎక్కువ నలిగిన ఇంగ్లీషు మాట మరొకటి ఉండదు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి వదులుకున్నాడు. ఆ ఏడే థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా దిగాడు. 1807 దాకా ఇక్కడే ఉండి, పొలం పొలం కొలిపించి, రైతు రైతుకూ శిస్తు కట్టాడు. ఆ శిస్తు కట్టిన పనికి ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న పేరే సెటిల్మెంటు. కోస్తాలో జమీందారుతో చేసుకున్న ఏర్పాటుకూ అదే పేరు. దాని ముందు పర్మనెంటు అనే విశేషణం ఉండేది. అది 1802లో వచ్చి, 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో పోయింది. శాశ్వతం అన్నది నూటయాభై ఏళ్లు కూడా నిలవలేదు.

ఇంకో మాట చెప్పి అసలు విషయానికి వస్తాను. వదులుకున్న జిల్లాలు అనే అర్థంలో ఇంగ్లీషువాళ్లు సీడెడ్ అన్నారు. మన పండితులు దాన్ని 'దత్తమండలాలు' చేశారు. దత్తత అనగానే కన్నవాళ్లూ పెంచినవాళ్లూ గుర్తుకొస్తారు. ఇక్కడ జరిగింది బాకీ కింద జమ. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ అనే పేరు సూచించి ఆ మచ్చ తుడిచారు. సినిమా డిస్ట్రిబ్యూటర్లకు మాత్రం ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. ఇవాళ్టికీ కొత్త సినిమాను 'సీడెడ్ ఏరియా'కు అమ్ముతారు.

సరే, సెటిల్మెంటు. మన్రో కచేరీలో మన గుమాస్తాలు, సిరస్తాదార్లు ఈ మాటను ఏమన్నారు? ఒకటి కాదు, రెండు మాటలన్నారు. ఎకరాకు ఇంత అని రేటు కట్టి చాలా ఏళ్లకు సరిపడా ఖాయం చేస్తే బందోబస్తు. ఏటా ఊళ్ల లెక్కలు చూసి ఎవరి పట్టాకు ఎంత, ఎంత మాఫీ, ఎంత బాకీ అని తేల్చితే జమాబందీ. ఇంగ్లీషు రికార్డుల్లో రెండూ సెటిల్మెంటే. ఒకటి తరానికోసారి జరిగేది, ఇంకోటి ఏడాదికోసారి. ఆ తేడా దొరలకు సందర్భాన్ని బట్టి తెలిసేది, మనవాళ్లకు మాటలోనే తెలిసేది. ఒక ఇంగ్లీషు మాటకు అర్థాలు ఎన్ని అంటే ఇంగ్లీషు నిఘంటువు ఒక లెక్క చెబుతుంది. తెలుగువాడు దగ్గరికి వస్తే ఆ లెక్క మారుతుంది. 'మనం', 'మేము' రెండూ ఉన్న భాషలోకి వచ్చేదాకా ఇంగ్లీషు 'వుయ్'కు రెండు అర్థాలున్నాయని ఇంగ్లీషువాడికి మాత్రం ఎట్లా తెలుస్తుంది?

తెచ్చుకున్న సమానార్థకం కూడా పెట్టినచోట ఉండదు. బందోబస్తు అంటే మూలంలో కట్టి బిగించడం. శిస్తు కట్టడం నుంచి అది మెల్లగా పక్కకు జరిగి, ఇప్పుడు ముఖ్యమంత్రి పర్యటనలో రోడ్డుకు రెండు వైపులా నిలబడింది. ఈనాటి విద్యార్థికి పాత రికార్డులో 'మన్రో బందోబస్తు' అని కనిపిస్తే తుపాకులు గుర్తొస్తాయి. అందుకే పాఠ్యపుస్తకాలు 'శిస్తు విధానం', 'శిస్తు నిర్ణయం' అని సంస్కృతం తగిలించి మళ్లీ మొదలుపెట్టాయి.

ఇంతకంటే పెద్ద గుంట రీసెటిల్మెంటు దగ్గర ఉంది. 1920ల చివర కృష్ణా, గోదావరి డెల్టా రైతులు రీసెటిల్మెంటు మీద కొట్లాడారు. శిస్తు రేట్లు తిరగవేసి పెంచడం మీద గొడవ అది. ఇవాళ ప్రభుత్వ కాగితంలో రీసెటిల్మెంటు అంటే ముంపు ఊళ్లవాళ్లకు వేరేచోట ఇళ్లు. శ్రీశైలం నీళ్ల కింద కర్నూలు, పాలమూరు ఊళ్లు పోయాయి. మన జిల్లాలో గండికోట జలాశయం నింపినప్పుడు 2020లో తాళ్లప్రొద్దుటూరువాళ్లు రోడ్డున పడి అదే అడిగారు. దీనికి మనం 'పునరావాసం' అంటున్నాం. రేపెవరైనా 1929 నాటి మద్రాసు శాసనసభ చర్చను తెలుగు చేస్తూ, రీసెటిల్మెంటు కనబడగానే పునరావాసం అని వేశారనుకోండి, డెల్టా రైతులు కొత్త ఇళ్లు వద్దని సత్యాగ్రహం చేసినట్టు అవుతుంది. వాక్యం చూస్తే వ్యాకరణం చక్కగా ఉంటుంది. అదే ప్రమాదం.

ఇక బ్రౌన్ దగ్గరికి. ఆయనకు ముందే క్యాంబెల్ తెలుగు నిఘంటువు 1821లో వచ్చింది. మారిస్ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు 1835 నుంచి వెలువడింది. అవి ఉండగా బ్రౌన్‌కు తృప్తి ఎందుకు లేదు? సమాధానం ఆయన పెట్టుకున్న పేర్లలోనే ఉంది. 1852 నాటి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు పేరులో వ్యవహారంలో వాడే వాడుకభాషను వివరిస్తానని ముందు చెప్పాడు, కావ్యభాష తర్వాత వస్తుంది. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు పేరులో ఇంగ్లీషు నుడికారాన్నీ, పదబంధాల్నీ తెలుగులో వివరిస్తానన్నాడు. 1854లో మిశ్రభాషా నిఘంటువు అని మూడోది తెచ్చాడు. తెలుగువాళ్ల నోళ్లలో తిరిగే పారసీ, హిందుస్తానీ, ఇంగ్లీషు మాటల కోసం అది. పండితులు చీదరించుకునే కచేరీ తెలుగుకు ఒక పుస్తకం విడిగా ఇచ్చినవాడు ఆయనే.

బ్రౌన్ పండితుల గుంపును పోషించాడన్నది నిజమే. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య వంటివాళ్లు లేకపోతే ఆయన పనులు సాగేవి కావు. కానీ ఆయన ఉద్యోగం కచేరీలో, కోర్టులో. అర్జీ పెట్టుకున్న రైతు, సాక్ష్యం చెప్పే కాపు, లెక్క దాచే కరణం, వీళ్ల మాట అర్థం కాకపోతే తీర్పు తప్పుతుంది. పద్యం అర్థం కాకపోతే టీక చూసుకోవచ్చు. సాక్ష్యానికి టీక ఉండదు. పదానికి పదం ఇస్తే చాలదు, పదబంధం ఇవ్వాలి అన్న పట్టుదల ఆ కోర్టు హాలులో పుట్టిందని నా నమ్మకం.

నేనూ చాలా ఏళ్లు కోర్టు కాగితాల అనువాదాలు సరిదిద్దే పనిలో ఉన్నాను. అక్కడ నాకు తట్టిందొకటుంది, ఈ పూట నేను చెప్పదలచుకున్నదీ అదే. ఇంగ్లీషు నామవాచకం కనబడగానే మన అనువాదకుడు తెలుగు నామవాచకం కోసం పరుగెత్తుతాడు. దొరక్కపోతే సంస్కృతంలో తయారుచేస్తాడు: పరిష్కారం, స్థిరీకరణ, నిర్ధారణ, ఆవాసం. సెటిల్మెంటుకు ఇవన్నీ వేసి చూశారు. కానీ తెలుగు ఈ పనిని నామంతో చేయదు, క్రియతో చేస్తుంది.

చూడండి. పెళ్లి కుదిరింది. బేరం కుదిరింది. లెక్క తేలింది. బాకీ తీరింది. గొడవ సద్దుమణిగింది. పునాది కుంగింది. బిందెలో మన్ను అడుక్కు దిగింది, నీళ్లు తేరాయి. కొడుకు బెంగుళూరులో స్థిరపడ్డాడు. ఇవన్నీ ఇంగ్లీషులో ఒక్క 'సెటిల్'. ఇన్నిటికీ కలిపి ఒక తెలుగు నామం కావాలంటే ఎక్కణ్నుంచి తెస్తాం? ఎందుకు తేవాలి?

వీటిలో 'కుదురు' మీద నాకు ప్రత్యేకమైన మోజు. గుండ్రటి అడుగున్న కుండ నేల మీద దొర్లకుండా కింద పెట్టే గడ్డిచుట్ట కుదురు. పిల్లవాడు ఒకచోట ఉండకపోతే కుదురు లేదంటాం. అదే క్రియగా మారి పెళ్లికీ, బేరానికీ, ముహూర్తానికీ, జబ్బుకూ వస్తుంది. మన సీమలో తిక్కకు కూడా వస్తుంది: "నాలుగు తగిలేసరికి తిక్క కుదిరింది." ఇంగ్లీషు 'సెటిల్' కూడా కూర్చునే పీట అనే పాత మాట నుంచి వచ్చిందే. రెండు భాషలూ ఒకే ఊహ నుంచి బయలుదేరాయి. అయినా ఏ కచేరీ కాగితంలోనూ కుదురుకు చోటు దొరకలేదు. ఆఫీసుకు పారసీ కావాలి, లేకపోతే ఇంగ్లీషు కావాలి, మరీ తెలుగు ప్రభుత్వం వస్తే సంస్కృతం కావాలి.

ఇప్పుడు మిమ్మల్ని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందుకు తీసుకుపోతాను. వేపచెట్టు కింద దస్తావేజు లేఖరి బల్ల. ఒక ముసలాయన రెండెకరాల చెలక కూతురికి రాయాలని వచ్చాడు. అమ్మకం కాదు, వీలునామా కాదు. 1899 నాటి స్టాంపు చట్టంలో సెటిల్మెంటుకు నిర్వచనం ఉంది: వీలునామా కాకుండా, పెళ్లి నిమిత్తమో, కుటుంబంలోనివాళ్లకు పంచడానికో, ధర్మానికో ఆస్తిని రాసి ఇవ్వడం. లేఖరి కాగితం తలమీద 'దఖలు సెటిల్మెంటు దస్తావేజు' అని రాస్తాడు. పారసీ, ఇంగ్లీషు, మళ్లీ పారసీ. ఒకవేళ ఒకదాని గురి తప్పినా ఇంకోటి తగులుతుందన్నట్టు రెండు భాషల మాటల్నీ పక్కపక్కన పెట్టాడు. ముసలాయన మాత్రం బయటికి వచ్చి చుట్టం అడిగితే ఏమంటాడు? "బిడ్డకు రాసిచ్చినా." అంతే. ఆ క్రియలో దానం ఉంది, రాత ఉంది, తిరిగి తీసుకోననే ఖాయం ఉంది. నేను నిఘంటువు రాస్తే ఆస్తి సెటిల్మెంటుకు ఎదురుగా 'రాసిచ్చుట' అని వేస్తాను.

బ్యాంకులోనూ ఇంతే. వాన రాక వేరుశనగ బుడ్డలు ఎండిపోయిన ఏడాది బీమా కంపెనీ క్లెయిములు సెటిల్ చేసిందని పత్రికలో వస్తుంది. పత్రిక ఇంకొంచెం తెలుగుగా ఉండాలనుకుంటే 'క్లెయిముల పరిష్కారం' అంటుంది. కౌంటరు దగ్గర రైతు అడిగేది వేరు: "నాకు పడిందా, సామీ?" డబ్బు ఖాతాలో పడటం. పడకపోతే అది ఎంత పరిష్కారమైనా పరిష్కారం కాదు. అప్పు కట్టలేనివాడికి వచ్చే వన్‌టైమ్ సెటిల్మెంటు దగ్గర కథ తిరగబడుతుంది. అక్కడ 'తెంచుకోవడం' అంటారు: "ఇంతకు తెంచుకున్నా." కోర్టు వాయిదాలకు తిరిగి అలిసిపోయి లోక్ అదాలత్‌లో కలిస్తే 'రాజీ అయినాం'. ఒకే మాట, పడినప్పుడు ఒకటి, తెగినప్పుడు ఒకటి, కలిసినప్పుడు ఒకటి.

ఈ ఇబ్బంది తెలుగుకే అనుకునేరు. ఇంగ్లీషు నుంచి స్పానిష్‌లోకి పోయేవాడికీ ఇదే పని. స్పెయిన్ మనకు దూరమేమీ కాదు, పక్క జిల్లా దాకా వచ్చే ఉంది. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి, గ్రామీణాభివృద్ధి ట్రస్టు పెట్టి, 2009లో అక్కడే కన్నుమూశాడు. స్పెయిన్‌లో వేలమంది ఇక్కడి పిల్లల చదువుకు డబ్బు పంపుతున్నారు. పిల్లలు రాసిన తెలుగు ఉత్తరాలు స్పానిష్ అయి అక్కడికి చేరతాయి. అనంతపురంలో కూర్చుని స్పానిష్ నేర్చుకునే సీమ పిల్లలున్నారంటే కారణం ఆయనే.

ఆ పిల్లల్లో ఒకరి ముందు సెటిల్మెంటు అనే మాట పెట్టండి. ఊరు వెలిసిన చోటయితే అసెంతమియెంతో. తగాదా తీరితే ఆకుయెర్దో, అంటే ఒప్పందం. లెక్క తేలితే లికిదసియోన్. ఉద్యోగం మానేసేటప్పుడు చేతికొచ్చే ఆఖరి మొత్తమైతే ఫినికీతో. ఈ చివరిది విన్నప్పుడు నాకు రాయచోటి, రాజంపేట వైపువాళ్లు గుర్తొస్తారు. కువైట్ నుంచి తిరిగొచ్చేటప్పుడు వాళ్లు చెప్పే 'ఫైనల్ సెటిల్మెంటు' ఇదే. మనకు దానికి ఇప్పటికీ తెలుగు మాట లేదు, స్పెయిన్‌వాడికి ఉంది.

తమాషా ఏమిటంటే స్పానిష్‌లోనూ కూర్చోవడం నుంచి పుట్టిన బహుళార్థకం ఒకటుంది: అసియెంతో. కుర్చీ అసియెంతో, ఖాతా పుస్తకంలో రాసిన పద్దు అసియెంతో, కట్టడం పునాది దిగడం కూడా అసియెంతో. రాజుతో చేసుకున్న గుత్తకూ అదే మాట. 1713లో స్పెయిన్ వలసలకు బానిసల్ని సరఫరా చేసే గుత్త 30 ఏళ్లకు బ్రిటన్ చేతికి వచ్చింది. ఆ గుత్త పేరు అసియెంతో. ఇంగ్లీషువాళ్లు దాన్ని సెటిల్మెంటు అని అనువదించుకోలేదు, అసియెంతో అనే ఉంచుకున్నారు. లాభమున్న చోట పరభాషా పదం ఎవరికీ అంటరానిది కాదు. సెటిల్, అసియెంతో, కుదురు మూడూ కూర్చోవడంతో, కుదురుగా ఉండటంతో మొదలైనవే. పుట్టుక ఒకటైనా మూడూ మూడు దారులు పట్టాయి. పెళ్లి దగ్గరికి కుదురు పోయింది. పద్దు దగ్గరికి అసియెంతో పోయింది. ఊరు దగ్గరికి సెటిల్మెంటు పోయింది.

ఊరు అనే అర్థమూ నిక్కచ్చి కాదు. 1910ల్లో సాల్వేషన్ ఆర్మీ చేతికింద బాపట్ల దగ్గర ఏర్పడిన స్టువర్టుపురం కూడా సెటిల్మెంటే. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాల్ని ఒకచోట కట్టడి చేసిన ఊరు. ఆ చట్టం పోయి దశాబ్దాలు గడిచాయి. అక్కడి సెటిల్మెంటును అసెంతమియెంతో అన్నా, ఆవాసం అన్నా పహరా మాయమైపోతుంది. కొంచెం మంచి మాట పట్టుకుంటే 'కాలనీ' అనాలి. ఆ కాలనీని స్పెయిన్‌కు పంపి చూడండి: కొలోనియా అంటే అక్కడ వలస రాజ్యం, అత్తరు నీళ్లు, పిల్లల వేసవి శిబిరం కూడా. అనంతపురం పల్లెలో ఎస్సీ కాలనీ నుంచి ఒక పాప ఉత్తరం రాస్తే అనువాదకుడు ఒక్క క్షణం ఆగాలి.

మళ్లీ కడపకు వస్తాను. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి ఎన్ని అర్థాలొచ్చాయో చూశాం. మనం కొత్తగా ఇచ్చినవీ రెండున్నాయి.

ఒకటి 'సెటిల్ కావడం'. ఉద్యోగం, పెళ్లి, వీలైతే ఒక ఫ్లాటు, ఈ మూడూ కలిస్తే సెటిల్ అయినట్టు. ఇంగ్లీషులోనూ దీని ఛాయ ఉందిగానీ ఇంత కచ్చితమైన కొలత లేదు. గమనించారో లేదో, డాలస్‌లో ఉన్నవాణ్ని 'అమెరికాలో సెటిల్ అయినాడు' అంటాం. పదిహేనేళ్లుగా కువైట్‌లో ఉన్నవాణ్ని 'కువైట్‌లో ఉండాడు' అనే అంటాం. అక్కడ స్థిరనివాసం దొరకదు, పౌరసత్వం దొరకదు, పూచీగా నిలిచే యజమాని, అంటే కఫీల్, ఉన్నంతకాలమే. రాయచోటి అమ్మ ఏ నిఘంటువూ చూడకుండానే ఈ తేడా పాటిస్తుంది.

రెండోది మీరందరూ ఎదురుచూస్తున్నదే. 'సెటిల్మెంట్లు చేసేవాడు'. మన పత్రికల్లో ఈ మాటకు ఉన్న అర్థం ఆక్స్‌ఫర్డువాళ్లకు అందదు. స్థలం తగాదా కోర్టులో ఇరవై ఏళ్లు నలుగుతుంది. ఒకాయన ఇద్దర్నీ పిలిపించి, నాలుగు సుమోలు ఆపించి, ఒక రాత్రిలో తేలుస్తాడు. తేల్చినందుకు తన వాటా తాను ఉంచుకుంటాడు. పాతకాలంలో దీన్ని పంచాయితీ అనేవాళ్లు, ఎగతాళికి దుప్పటి పంచాయితీ అన్నారు. పంచాయితీకి ఇంకా రచ్చబండ గౌరవం అంటుకుని ఉంది కాబట్టి కొత్త పనికి కొత్త మాట కావలసి వచ్చింది. కచేరీ నుంచి సెటిల్మెంటును తెచ్చుకున్నారు. మన్రో చేసిందీ ఇతడు చేసేదీ భూమి గురించే అన్నమాట నిజం. పోలిక అంతకుమించి లాగను. 'సెటిల్మెంట్లు చేసేవాడు' అన్నదాన్ని ఇప్పుడు ఇంగ్లీషు చేయాలంటే సెటిల్మెంటు అని రాయకూడదు. రాస్తే ఆ మనిషి న్యాయమూర్తి అయిపోతాడు. మన దగ్గరికి వచ్చిన మాట తిరిగి పుట్టింటికి పోలేని స్థితిలో ఉంది.

అంటే అది తెలుగు మాట. తెలుగు-తెలుగు నిఘంటువులో 'స' కింద దానికి చోటు ఇవ్వాలి, ఇంగ్లీషు అర్థాలతో కాదు, మన అర్థాలతో, మన వాక్యాలతో. బ్రౌన్ మిశ్రభాషా నిఘంటువులో చేసిన పని ఇదే. 1854లో ఆయన జమాబందీని చూసిన చూపుతో ఇవాళ సెటిల్మెంటునూ, సీడెడ్‌నూ, ఫైనల్ సెటిల్మెంటునూ చూడాలి. పారిభాషిక పదకోశాలు మన దగ్గర చాలా ఉన్నాయి. తెలుగు అకాడమీ వేసినవే అలమార నిండుతాయి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయ పదకోశం కోసం మనుషుల్ని పల్లెలకు పంపి రైతుల నోటి నుంచి మాటలు సేకరింపజేశారు, అది 1962లో అచ్చయింది. అట్లాంటి సేకరణ కచేరీ తెలుగుకు జరగలేదు. మడకకూ మగ్గానికీ దొరికిన గౌరవం స్టాంపు కాగితానికి దొరకలేదు.

ఈ సభలో విశ్వవిద్యాలయం విద్యార్థులు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. పరిశోధనకు విషయం దొరకడం లేదని మీలో కొందరు నాతో అన్నారు. దస్తావేజు లేఖరుల బల్లల దగ్గర మొదలుపెట్టండి. ఏ మాటకు ఏ మాట అని అడగొద్దు, వాళ్లు మీకోసం సంస్కృతం వెతుకుతారు. కాగితం రాయించుకున్న మనిషి బయటికి వచ్చి పక్కవాడితో ఏమన్నాడో వినండి, క్రియ రాసుకోండి. తర్వాత బ్యాంకు, ఆ తర్వాత రాయచోటి బస్టాండు. శ్రావణమాసంలో మంచి రోజులు చూసుకుని జనం రిజిస్ట్రేషన్లకు ఎగబడతారు. నోటు పుస్తకం పట్టుకుని పోవడానికి అదే అదను.